రాత్రిళ్లు మూత్రానికి పదే పదే లేస్తున్నారా? డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు మూడు రోజులు ఇలా చేయండి

మెడికల్ షాపు దగ్గర ఈ దృశ్యం మీరూ చూసే ఉంటారు. అరవై దాటిన పెద్దాయన ఒకరు పక్కన నిలబడి, ఆడవాళ్లు మందులు కొనుక్కుని వెళ్లేదాకా ఆగుతారు. అప్పుడు కౌంటర్ మీదికి వంగి, "ఒంటికి సాఫీగా రావడానికి ఏదన్నా మాత్ర ఉంటే ఇవ్వు బాబూ" అంటారు. షాపతను ఒక స్ట్రిప్ కత్తిరించి కవర్లో వేస్తాడు. ఒక్కోసారి అది పనిచేస్తుంది కూడా. అక్కడే చిక్కు. కొన్నాళ్లు సర్దుకుపోతారు, ఇంకొన్నాళ్లు "వయసు కదా" అనుకుంటారు. ఏదో పెళ్లికి బస్సులో పోతుండగా మూత్రం పూర్తిగా ఆగిపోయి, పొత్తికడుపు ఉబ్బి, ఊరుకాని ఊళ్లో క్యాజువాలిటీలో పైపు వేయించుకోవాల్సి వస్తుంది.

యాభై దాటిన మగవాళ్లలో మూత్రం ఇబ్బంది అనగానే ప్రోస్టేట్ పేరే వినబడుతుంది. మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే ఈ గ్రంథి పడుచు వయసులో 20 గ్రాముల దాకా ఉంటుంది. వయసుతో పెరుగుతుంది. అరవై ఏళ్లు వచ్చేసరికి దాదాపు సగం మందిలో ఎంతో కొంత పెరిగి ఉంటుంది. ఈ పెరుగుదల క్యాన్సర్ కాదు, ముదిరినా క్యాన్సర్‌గా మారదు. కానీ రాత్రి నాలుగుసార్లు లేచే ప్రతి మనిషికీ కారణం ఇదే కానక్కర్లేదు. షుగర్ కావచ్చు, కాళ్ల వాపు కావచ్చు, బీపీ మాత్ర వేసుకునే వేళ కావచ్చు, గురక కావచ్చు. ఏదో తేల్చుకోవడానికి ఇంట్లోనే చేయదగిన పని ఒకటుంది. దానికి ముందు, ఆగకుండా ఆస్పత్రికి పోవాల్సిన సందర్భాలేమిటో చూద్దాం.

మొదట: వీటికి రేపటిదాకా ఆగొద్దు

మూత్రం వస్తున్నట్టే ఉండి గంటల తరబడి చుక్క రాకపోతే, పొత్తికడుపు గట్టిపడి నొప్పి పుడుతుంటే, అది అర్ధరాత్రయినా ఆస్పత్రికే. కొబ్బరినీళ్లు, బార్లీ నీళ్లు తాగితే వస్తుందని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. వినకండి. నిండిన బిందెలో ఇంకా నీళ్లు పోయడమే అది. చలి, వణుకుతో జ్వరం వచ్చి దాంతోపాటు మూత్రంలో మంట, మొల ప్రాంతంలో నొప్పి ఉంటే ప్రోస్టేట్‌కి ఇన్ఫెక్షన్ పట్టి ఉండొచ్చు, అదీ అత్యవసరమే. మూత్రంలో రక్తం ఒక్కసారి కనబడి, నొప్పి లేకుండా దానంతటదే ఆగిపోయినా సరే, ఆ వారంలోనే చూపించుకోవాలి. ముఖ్యంగా బీడీ, సిగరెట్ అలవాటున్నవాళ్లు. నొప్పి లేదు కదా అని వదిలేయడమే ఇక్కడ ప్రమాదం, మూత్రాశయ క్యాన్సర్ చాలాసార్లు అలా నొప్పి లేని రక్తంతోనే బయటపడుతుంది.

కుర్రవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. వృషణంలో ఉన్నట్టుండి భరించలేని నొప్పి వస్తే అది మెలిపడి ఉండొచ్చు. 6 గంటల్లోపు ఆపరేషన్ జరిగితేనే దాన్ని కాపాడుకునే అవకాశం ఎక్కువ. సిగ్గుపడి తెల్లారేదాకా ఓర్చుకున్నవాళ్లు దాన్ని పోగొట్టుకుంటారు.

మూడు రోజుల కాగితం

యూరాలజిస్ట్ ఓపీలో మీకు దొరికేది ఐదారు నిమిషాలు. "ఎన్నిసార్లు వెళ్తారు?" అని అడిగితే "చాలాసార్లండీ" అంటాం. ఆ జవాబుతో ఆయన చేయగలిగింది తక్కువ. ఒక కాగితం చేతిలో పెడితే మాట తీరే మారిపోతుంది.

కావాల్సినవి: గీతలున్న అర లీటరు ప్లాస్టిక్ కొలత మగ్గు ఒకటి, కాగితం, పెన్ను. ఇవన్నీ బాత్రూంలోనే ఉంచండి. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి, లేకపోతే ఆ మగ్గు వంటింటికి చేరుతుంది.

మూడు రోజులు, వరసగా కాకపోయినా పర్లేదు, మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ టైమూ, ఎన్ని మిల్లీలీటర్లూ రాయండి. పక్కన తాగినవి రాయండి: నీళ్లు, టీ, మజ్జిగ, బీరు, ఏదైనా. ఆపుకోలేక పరుగెత్తాల్సి వస్తే ఆ గడిలో ఒక చుక్క పెట్టండి, బట్టల్లో పడితే రెండు చుక్కలు. పడుకున్న టైమూ, లేచిన టైమూ మరిచిపోవద్దు. ఈ మూడు రోజులూ అలవాట్లేవీ మార్చకండి. డాక్టర్‌కి మంచి మార్కులు చూపించడానికి కాదు కదా ఇది.

లెక్క ఇలా చూడాలి. ఒకాయన కాగితంలో రాత్రి ఇలా ఉందనుకోండి. పదింటికి మూత్రానికి వెళ్లొచ్చి పది ముప్పైకి పడుకున్నారు. 12:15కి 250, 2:40కి 280, 4:30కి 220, పొద్దున ఆరింటికి లేవగానే 300. పొద్దున లేచాక మొదటిసారి పోసింది కూడా రాత్రి ఖాతాలోకే వస్తుంది. మొత్తం 1050 మిల్లీలీటర్లు. పగలంతా కలిపి 950. అంటే రోజుకు 2 లీటర్లు, అందులో సగానికి పైగా రాత్రే. పెద్దవయసులో రాత్రి వాటా మూడోవంతు దాటితే ఎక్కువ అని లెక్క. పైగా ఈయన మూత్రాశయం ఒక్కోసారికి 250, 300 పట్టుకుంటోంది, దానికేం తక్కువ లేదు. ఈయన్ను నిద్ర లేపుతున్నది ప్రోస్టేట్ ఒక్కటే అయ్యే అవకాశం తక్కువ, ఒళ్లు రాత్రిపూట ఎక్కువ మూత్రం తయారుచేస్తోంది. ఇలాంటివాళ్లకు ప్రోస్టేట్ మాత్ర ఇస్తే ఏడాది మింగినా రాత్రి మెలకువలు తగ్గకపోవచ్చు.

సాయంత్రానికి చీలమండల దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతోందా చూడండి. పగలంతా కాళ్లలో చేరిన నీరు, పడుకోగానే రక్తంలోకి తిరిగొచ్చి మూత్రంగా దిగుతుంది. సాయంత్రం ఓ గంట కాళ్లు ఎత్తులో పెట్టుకుని పడుకుంటే, ఆ నీరు రాత్రికి ముందే పోతుంది. కాళ్ల వాపుకి గుండె, కిడ్నీ కారణాలూ ఉంటాయి కాబట్టి దాన్ని డాక్టర్‌కి చూపించాలి. బీపీకో, గుండెకో నీరు పోయే మాత్ర రాత్రి వేసుకుంటుంటే, దాని వేళ మార్చొచ్చేమో రాసిచ్చిన డాక్టర్‌నే అడగండి, సొంతంగా ఆపొద్దు. గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టవుతోందని మీ ఆవిడ అంటుంటే అది కూడా కాగితం మీద రాయండి. నిద్రలో ఊపిరాడని జబ్బు రాత్రి మూత్రాన్ని పెంచుతుంది.

ఇంకొకరి కాగితంలో పగలూ రాత్రీ ప్రతిసారీ 80, 100, 70 మాత్రమే ఉందనుకోండి. అప్పుడు కథ వేరు: మూత్రాశయం పట్టుకోలేకపోతోంది, లేదా సగం ఖాళీ అయ్యి సగం లోపలే ఉండిపోతోంది, లేదా ఇన్ఫెక్షన్. మరొకరికి రోజు మొత్తం 3 లీటర్లు దాటిందనుకోండి. ముందు షుగర్ పరీక్ష చేయించుకోవాలి. ఉదయాన్నే మూడు లీటర్లు నీళ్లు తాగితే ఆరోగ్యమని వాట్సాప్‌లో చదివి మొదలుపెట్టినవాళ్లూ ఈ కోవలోకే వస్తారు. షుగర్‌కి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మందులు వాడుతుంటే మూత్రం ఎక్కువవడం వాటి గుణమే. ఆ మందులతో అంగం చివర దురద, ఎర్రదనం, ముందు చర్మం బిగుసుకుపోవడం కూడా చూస్తుంటాం. రోజూ శుభ్రంగా కడిగి పొడిగా తుడుచుకోవాలి. అప్పటికీ తగ్గకపోతే చూపించండి.

ఏడు ప్రశ్నలు

కాగితం వెనకవైపు ఇంకో లెక్క వేయండి. ప్రపంచమంతా యూరాలజిస్టులు వాడే స్కోరు ఇది. గత నెల రోజుల్లో ఇవి ఎంత తరచుగా జరిగాయో సున్నా నుంచి 5 దాకా మార్కులివ్వండి. అసలు లేకపోతే 0, దాదాపు ప్రతిసారీ ఉంటే 5.

పోశాక కూడా లోపల మిగిలినట్టు ఉండటం. వెళ్లొచ్చిన రెండు గంటల్లోపే మళ్లీ వెళ్లాల్సి రావడం. ధార ఆగి ఆగి రావడం. వచ్చిందంటే ఆపుకోలేకపోవడం. ధార సన్నబడటం. మొదలవడానికి ముక్కాల్సి రావడం. ఇక ఏడోది, రాత్రి ఎన్నిసార్లు లేస్తారో అన్ని మార్కులు, 5 దాటితే 5.

మొత్తం 7 దాకా వస్తే తేలికపాటి ఇబ్బంది, 8 నుంచి 19 మధ్యస్థం, 20 నుంచి 35 దాకా తీవ్రం. 7 లోపలుండి మీకు పెద్ద బాధ లేకపోతే మందే అక్కర్లేకపోవచ్చు. తేదీ వేసి దాచుకోండి. మందు మొదలుపెట్టి రెండు నెలలయ్యాక మళ్లీ మార్కులు వేసుకుంటే, "కొంచెం నయమేనండీ" అనే మాట బదులు అంకె చెప్పొచ్చు.

మందు షాపు సంచి ఒకసారి బోర్లించండి

ఇంట్లో మీరు మింగుతున్నవన్నీ బయటికి తీయండి. అన్నిటికన్నా ముందు జలుబు బిళ్లలు. మనం పడిశం పట్టగానే అడక్కుండా వేసుకునే వాటిలో ఫెనైలెఫ్రిన్, క్లోర్‌ఫెనిరమిన్ అనే రెండు మందులు చాలావరకు ఉంటాయి. మొదటిది మూత్రాశయం మెడను బిగిస్తుంది, రెండోది మూత్రాశయం కండరాన్ని మెత్తబరుస్తుంది. ప్రోస్టేట్ పెరిగిన మనిషికి ఈ రెండూ కలిస్తే మూత్రం పూర్తిగా ఆగిపోవచ్చు. చలికాలంలో పైపు వేయించుకోవడానికి వచ్చేవాళ్లను "జలుబుకేమైనా వేసుకున్నారా?" అని డాక్టర్లు అడిగేది ఇందుకే. షాపులో "నాకు ప్రోస్టేట్ ఇబ్బంది ఉంది, ఈ రెండు మందులూ లేని బిళ్ల ఇవ్వండి" అని అడగండి. కడుపునొప్పి మాత్రలు, నిద్రకి, నరాలకి ఇచ్చే కొన్ని మాత్రలు కూడా ఇలా చేస్తాయి. మలబద్ధకం కూడా మూత్రాన్ని బిగిస్తుంది. దాన్ని సరిచేసుకుంటేనే కొందరికి సగం బాధ తీరుతుంది.

టీ, కాఫీ సాయంత్రం ఐదు తర్వాత మానండి. పడుకోవడానికి రెండు మూడు గంటల ముందు నుంచి నీళ్లు తగ్గించండి. తగ్గించమంటే మొత్తం మానేయమని కాదు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల ఎండలో నీళ్లు తగ్గిస్తే కిడ్నీలో రాళ్లు తయారవుతాయి. పగటిపూట బాగా తాగండి.

పోశాక లుంగీ మీదో ప్యాంటు మీదో చుక్కలు పడుతున్నాయా? వృషణాల సంచి వెనక వేళ్లు పెట్టి, మెల్లగా ముందుకు ఒత్తుకుంటూ రండి. నాళంలో నిలిచిన నాలుగు చుక్కలూ వచ్చేస్తాయి. ఒకసారి పోశాక ఓ నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నించండి, మిగిలినది కొంత వస్తుంది. కూర్చుని పోయడం పెద్దవయసులో చాలామందికి సుఖంగా ఉంటుంది.

పరీక్షల దగ్గర మోసపోకుండా

ఎవరికైనా మొదట చేసేవి తేలికే: మూత్ర పరీక్ష, షుగర్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష, పొత్తికడుపు స్కాన్. మగవాళ్లకు మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందంటే కల్చర్‌కి శాంపిల్ ఇచ్చాకే యాంటీబయాటిక్ మొదటి మాత్ర వేసుకోండి. ముందే వేసుకుంటే ఏ క్రిమో తేలదు.

స్కాన్ సంగతి కొంచెం చెప్పాలి. స్కాన్ సెంటర్లో లీటరు నీళ్లు తాగించి, మీ వంతు వచ్చేదాకా కూర్చోబెడతారు. పగిలిపోతుందేమో అన్నంతగా నిండాక పోయమంటారు. అంత సాగిన మూత్రాశయం ఎవరిదైనా పూర్తిగా ఖాళీ అవ్వదు. రిపోర్టులో "పోశాక మిగిలింది 150 మిల్లీలీటర్లు" అని వస్తుంది, ఇంటికొచ్చి బెంబేలెత్తుతాం. మామూలుగా వచ్చినప్పుడే స్కాన్ చేయమని గట్టిగా అడగండి. బాగా నిండిపోతే ఒకసారి పోసేసి, మళ్లీ మామూలుగా నిండేదాకా ఆగండి. అలాగే "గ్రేడ్ 2, 45 గ్రాములు" అనే మాట చూసి ఆపరేషన్ ఊహించుకోవద్దు. సైజుకీ బాధకీ నేరుగా సంబంధం లేదు. 30 గ్రాములతో అల్లాడేవాళ్లున్నారు, 80తో హాయిగా తిరిగేవాళ్లున్నారు.

ధార వేగం కొలిచే పరీక్ష యూరోఫ్లో. గరాటులాంటి దాంట్లో పోయడమే, నొప్పేమీ లేదు. సెకనుకి 15 మిల్లీలీటర్లు దాటితే మంచి ధార, 10 కన్నా తక్కువైతే అడ్డు ఉందని అనుమానం. అయితే కనీసం 150 మిల్లీలీటర్లు పోసినప్పుడే ఆ అంకెకు విలువ. వేలితో చేసే పరీక్షకు చాలామంది భయపడతారు, నిమిషం కూడా పట్టదది. గ్రంథిలో గట్టి గడ్డ తగులుతుందేమో చూడటానికి అది కావాలి.

ఇక పీఎస్‌ఏ అనే ప్రోస్టేట్ రక్తపరీక్ష. ఇది క్యాన్సర్ ఉందో లేదో తేల్చే పరీక్ష కాదు, అనుమానం రేపే పరీక్ష. 4 దాటితే చూడాలని పాత లెక్క. వయసు పెరిగేకొద్దీ మామూలు హద్దు కూడా పెరుగుతుంది. ఇన్ఫెక్షన్ వచ్చినా, పైపు వేసినా, గ్రంథి పెద్దదైనా పెరుగుతుంది. ఇన్ఫెక్షన్ తగ్గాక కనీసం ఆరు వారాలు ఆగి చేయించుకోండి. రక్తం ఇచ్చే ముందు రెండు రోజులు వీర్యస్ఖలనం, సైకిల్ తొక్కడం వద్దు. గ్రంథిని కుంచించే మందులు ఫినాస్టరైడ్, డ్యూటాస్టరైడ్ ఆర్నెల్లుగా వాడుతుంటే వచ్చిన అంకెను రెట్టింపు చేసి చూడాలి. ల్యాబ్‌వాళ్లకు ఇది తెలియదు, మీరే డాక్టర్‌కి గుర్తుచేయాలి. జుట్టు రాలకుండా ఫినాస్టరైడ్ వాడేవాళ్లూ చెప్పాలి. నాన్నకో అన్నదమ్ములకో ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చి ఉంటే నలభై అయిదు నుంచే ఈ సంగతి డాక్టర్‌తో మాట్లాడండి. ఒక్క రిపోర్టు ఎక్కువ వచ్చిందని వెంటనే బయాప్సీకి ఒప్పుకోనక్కర్లేదు, మళ్లీ చేయించడం, ఎమ్మారై తీయించడం మధ్యలో ఉన్నాయి.

మాత్ర మొదలుపెట్టాక

ప్రోస్టేట్‌కి ఎక్కువమందికి రాసే మొదటి మందు టామ్సులోసిన్ 0.4 మిల్లీగ్రాములు. రోజూ ఒకే వేళకు, తిన్న తర్వాత వేసుకోవాలి. కొద్ది రోజుల్లోనే ధార మెరుగవుతుంది. మొదటి వారం మంచం మీంచి చటుక్కున లేవొద్దు, కళ్లు తిరిగి పడిపోతారు. కంటికి శుక్లం ఆపరేషన్ చేయించుకోబోతుంటే, ఈ మాత్ర ఎప్పుడో వాడి మానేసినా సరే, కంటి డాక్టర్‌కి ముందే చెప్పండి. ఆపరేషన్లో కంటిపాప సరిగా విచ్చుకోదు. ముందే తెలిస్తే వాళ్లు దానికి సిద్ధపడతారు. ప్రోస్టేట్‌కీ కంటికీ ఏం సంబంధమని మనకు తట్టదు, అందుకే ఎవరూ చెప్పరు.

గ్రంథి పెద్దదైతే ఫినాస్టరైడ్ లాంటివి కలుపుతారు. గ్రంథి కుంచించుకోవడానికి ఆర్నెల్లు పడుతుంది, నెలకే మానేస్తే డబ్బులు దండగ. వీటితో కొందరికి కోరిక, పటుత్వం తగ్గుతాయి. ఇంట్లో గర్భిణులుంటే విరిగిన మాత్రల్ని వాళ్లు ముట్టుకోకూడదు.

పడకగది సంగతి కూడా అప్పుడే చెప్పండి

మూత్రం గురించి చెప్పి, రెండో సంగతి మింగేసి బయటికొస్తారు చాలామంది. రెండిటికీ డాక్టర్ ఒకరే, మందులూ ఒకదాన్నొకటి తాకుతాయి. టామ్సులోసిన్‌తో, అదే రకం మందు సైలోడోసిన్‌తో ఇంకా ఎక్కువగా, వీర్యం తగ్గడం, అసలు రాకపోవడం ఉంటుంది. ఒంటికి హాని లేదు, మందు మానితే మామూలే. ముందే తెలియక "మగతనం పోయింది" అని కుంగిపోయేవాళ్లున్నారు.

అంగస్తంభన సరిగా లేకపోతే మనవాళ్లు పెట్టే పేరు నరాల బలహీనత. చాలాసార్లు దెబ్బతినేది నరాలకన్నా రక్తనాళాలు. అక్కడి నాళాలు గుండె నాళాలకన్నా సన్నవి కాబట్టి ముందుగా పూడుకుంటాయి. కొందరిలో గుండెజబ్బు బయటపడటానికి రెండు మూడేళ్ల ముందే ఇది కనిపిస్తుంది. నలభై, యాభైల్లో ఈ ఇబ్బంది మూడు నెలలకు మించి ఉంటే బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి. సిగరెట్ మానండి. తెల్లవారుజామున స్తంభన మామూలుగానే ఉంటే, కారణం ఆందోళన అయ్యే అవకాశం ఎక్కువ.

స్తంభనకు ఇచ్చే సిల్డెనాఫిల్ పనిచేసే మందే, కానీ షాపులో చెవిలో అడిగి కొనే మందు కాదు. గుండెకు సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు దీన్ని ముట్టుకోకూడదు, బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. ఇది వేసుకున్నాక గుండెనొప్పి వస్తే, ఇంట్లో ఉన్న సార్బిట్రేట్ నాలుక కింద పెట్టుకోకుండా ఆస్పత్రికి వెళ్లి, ఏం వేసుకున్నారో ఎన్ని గంటలకు వేసుకున్నారో చెప్పేయండి. సిల్డెనాఫిల్ వేసుకున్నాక 24 గంటలు, అదే రకం మందు టాడలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ ఇవ్వకూడదు. ప్రోస్టేట్ మాత్రతో కలిపి వాడాలంటే తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. బిర్యానీ తిని సిల్డెనాఫిల్ వేసుకుని "పనిచేయలేదు" అంటే మందు తప్పు కాదు, కొవ్వు తిండి దాన్ని ఆలస్యం చేస్తుంది. మూలికల క్యాప్సూల్ అని అమ్మేవాటిలో రహస్యంగా సిల్డెనాఫిల్ కలిపినవి ఎన్నోసార్లు పట్టుబడ్డాయి. గంటలో ఫలితం ఇచ్చే మూలికను నమ్మొద్దు.

కుర్రవాళ్లకు రెండు మాటలు. మలవిసర్జనలో ముక్కినప్పుడు తెల్లటి చుక్క రావడం, నిద్రలో స్ఖలనం జబ్బులు కావు. గోడల మీద ప్రకటనలు చూసి లాడ్జి డాక్టర్ల దగ్గర వేలకు వేలు పోయకండి. మూత్రంలో మంటతోపాటు చీములాంటిది కారుతుంటే మాత్రం సుఖవ్యాధి కావచ్చు. ప్రభుత్వ ఆస్పత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో ఉచితంగా, గోప్యంగా చూస్తారు. భాగస్వామికీ వైద్యం అవసరం, లేకపోతే తిరిగి అంటుకుంటుంది.

ఆపరేషన్ అన్నప్పుడు

మందులతో తగ్గకపోయినా, మూత్రం మళ్లీ మళ్లీ ఆగిపోతున్నా, రక్తం పదే పదే వస్తున్నా, మూత్రాశయంలో రాళ్లు చేరినా, కిడ్నీలు ఉబ్బి క్రియాటినిన్ పెరుగుతున్నా ఆపరేషన్ వాయిదా వేయొద్దు. ఎక్కువగా చేసేది టీయూఆర్‌పీ, నాళం గుండా వెళ్లి లోపల అడ్డున్న భాగాన్ని చెక్కేస్తారు, బయట కోత ఉండదు. ఉస్మానియా, నిమ్స్, విశాఖ కేజీహెచ్ లాంటి చోట్ల యూరాలజీ విభాగాలున్నాయి. ప్రైవేటులో చేరే ముందు మీ ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు మీద ఏం వస్తుందో ఆస్పత్రిలో ఆ పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్రను అడగండి.

ఒప్పుకునే ముందు ఒక ప్రశ్న తప్పకుండా వేయండి: "తర్వాత వీర్యం వస్తుందా?" టీయూఆర్‌పీ తర్వాత ఎక్కువమందిలో అది వెనక్కి మూత్రాశయంలోకి పోతుంది. స్తంభన, సుఖం సాధారణంగా అలాగే ఉంటాయి. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లు ముందే చెప్పాలి.

ఇంటికొచ్చాక కొన్ని వారాలు బరువులు, బండి నడపడం, మలవిసర్జనలో ముక్కడం వద్దు. పైపు తీశాక మొదట్లో మంట, ఆపుకోలేకపోవడం ఉంటాయి, మెల్లగా సర్దుకుంటాయి. మూత్రం తేటపడ్డాక, పది పదిహేను రోజులకు మళ్లీ కాస్త ఎర్రగా రావచ్చు. లోపలి పక్కు ఊడినప్పుడు అలా అవుతుంది. నీళ్లు ఎక్కువ తాగి ఓ రోజు విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంది. గడ్డలు గడ్డలుగా పడుతూ ధార ఆగిపోతే మాత్రం, ఆపరేషన్ కాగితాలు పట్టుకుని చేసినచోటికే వెళ్లండి.